రెండు వేళ్ల వదులు

డాక్టరు ఇచ్చిన కాగితాన్ని దేవేంద్ర మూడోసారి చదువుతున్నాడు. ఊరంతా పెద్దక్క అని పిలిచే వాళ్లమ్మ చింతపండులో గింజలు తీస్తూ వింటోంది. వింటోందని పేరే గానీ సగం నుంచే ఆమెకు విసుగొచ్చింది. ముప్పై ఏళ్లుగా రాయదుర్గంలో బాలింతలకు నీళ్లు పోసి, నడుములు కట్టి, పత్యం వండిపెట్టి, ఎంతమందిని లేపి నిలబెట్టిందో ఆమెకే లెక్క తెలియదు. అలాంటి మనిషికి పడకమీది మనిషిని ఎట్లా చూసుకోవాలో కాగితం చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పినట్టే.

"ఎల్లకిల్లానే పండుకోవల్లంట. తలకింద రెండు దిండ్లు. రెండు వారాలు చేతులు పైకి ఎత్తకూడదు. ఆరు వారాలు బరువు పట్టుకోకూడదు. ఆరు వారాలూ రాత్రీ పగలూ బిగుతు బనీను ఏసుకునే ఉండల్ల..."

"ఇదంతా బాలింతకు చెప్పేదే గదరా," అంది పెద్దక్క. అని నాలుక కరుచుకుంది.

దేవేంద్ర కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోపం రాలేదు వాడికి. కోపం రావడం మానేసి చాలా ఏళ్లయింది. భుజంమీది తువ్వాలును ఎదమీదికి సర్దుకున్నాడంతే.

ఆ తువ్వాలు వేసింది పెద్దక్కే. వాడికి పద్నాలుగేళ్లప్పుడు ఎద పెరగడం మొదలైంది. ఆడపిల్లలకు పెరిగినట్టే పెరిగింది. మొదట ఒళ్లు చేశాడనుకున్నారు. ఒళ్లు తగ్గింది, అది తగ్గలేదు. వయసొస్తే అదే పోతుందని వీధిలోని ఆరెంపీ డాక్టరు అన్నాడు. వయసొచ్చింది, మీసమొచ్చింది, అది మాత్రం పోలేదు. ఒకరోజు బడి నుంచి ఏడుస్తూ వచ్చిన పిల్లవాడికి ఏం చెప్పాలో తెలియక, దండెంమీది తువ్వాలు తీసి ఎదమీద కప్పి, "ఇట్ల ఏసుకో నాయనా, ఎవురికీ కనపడదు" అంది. అప్పటి నుంచి పదిహేనేళ్లు వాడు తువ్వాలు లేకుండా గడప దాటలేదు. ఎండాకాలంలో కూడా చొక్కా విప్పలేదు. రెండు సంబంధాలొస్తే రెండూ వాడే వద్దన్నాడు. ఎద కనపడకుండా వంగి వంగి, ఇరవై తొమ్మిదేళ్లకే వీపు ముసలాడి వీపయింది.

జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో వాడు కటింగ్ మాస్టరు. గుడ్డమీద చాక్‌పీసు పెట్టాడంటే దారం వెడల్పు కూడా తేడా రాదని యజమాని కలీముల్లా అందరి ముందూ చెప్తాడు. ఎంత పనిమంతుడైతే ఏం లాభం? అక్కడ వాడి పేరు వదిన. ఆ పేరు పెట్టింది సరుకు బండి తోలే మార్కండేయ. ఒకరోజు టీ వేళ "ఏం వదినా, టీ తాగుతావా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఆ మాటే నిలబడిపోయింది. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదట. నిజమే, ఎలుకతో చెలగాటమాడేటప్పుడు పిల్లికీ చెడ్డ ఉద్దేశం ఉండదు.

రెండు నెలల కిందట బళ్ళారిలో ఒక డాక్టరు దగ్గరికి వాడే ఒంటరిగా పోయి వచ్చాడు. వచ్చి, అన్నం ముందు కూర్చుని చెప్పాడు.

"కోయించుకుంటానమ్మా."

"ప్రాణానికి ఏమన్నా అయితే ఎట్లరా? నొప్పి లేదు, జబ్బు లేదు..."

"అలుపొచ్చిందమ్మా. పొద్దున లేచి చొక్కా ఏసుకునేదానికే అలుపొస్తాది."

పెద్దక్క వాడి కంచంలో ఇంకో ముద్ద అన్నం పెట్టింది. అలుపు సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అప్పటి నుంచి ఇద్దరూ కూర్చుని ఏర్పాట్లు చేసుకున్నారు. కోత ఒక్కపూట పని. ఆ తర్వాత ఆరు వారాలు ఎట్లా గడపాలన్నదే అసలు సంగతి. ఎవరికీ తెలియకూడదు, అదీ మొదటి మాట. తెలిస్తే వదిన పోయి ఇంకేదో పేరు వస్తుంది. అందుకని పుట్టపర్తిలో సేవకు పోతున్నానని యూనిట్లో చెప్పమంది పెద్దక్క. సేవకు అంటే కలీముల్లా వద్దనలేదు, పుణ్యం సంపాదించుకు రమ్మన్నాడు. ఆమె మోకాళ్లు పట్టుకుపోయాయని వీధిలో చెప్పుకుంది, ఏ బాలింత ఇంటి నుంచీ పిలుపు రాకుండా. ముప్పై ఏళ్లలో ఏ ఇంటికీ రానని చెప్పని మనిషికి, ఆ అబద్ధం చెప్పేటప్పుడు నిజంగానే మోకాళ్లు నొప్పి పెట్టాయి. కొళాయి నాలుగు రోజులకొకసారి వస్తుంది. డ్రమ్ములు నింపేది ఎప్పుడూ వాడే, ఇప్పుడు ఆమె నింపాలి. మెట్లెక్కే పని లేకుండా మంచం ముందుగదిలోకి మార్చారు. వీధిలో ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే బ్రెడ్డు ప్యాకెట్లు పట్టుకుని జనం దిగిపోతారు కాబట్టి వీధి తలుపు పగలు కూడా వేసే ఉంచాలనుకున్నారు.

ఇక బనీను. ఆసుపత్రిలో ఒకటి ఇస్తారు. అది ఉతికి ఆరేసినప్పుడు వేసుకోవడానికి రెండోది కావాలి.

"నేనే కుట్టుకుంటా," అన్నాడు దేవేంద్ర. "సాగే గుడ్డ ముక్క ఉండాది యూనిట్లో. ఊర్లోవాళ్ల నడుములన్నీ నేనే కోస్తాండా, నా బనీను కోసుకోలేనా?"

కొలత మాత్రం ఆమె తీయాల్సి వచ్చింది. వాడు చొక్కా విప్పి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పదిహేనేళ్ల తర్వాత కొడుకు ఎదను చూసింది పెద్దక్క. టేపు చుట్టి అంకె చెప్పింది. వాడు గోడనే చూస్తూ రాసుకున్నాడు. ఎందరి పచ్చి ఒళ్లనో పట్టుకున్న ఆమె చేతులు ఆ రోజు టేపునే పట్టుకున్నాయి, ఒంటిని తాకలేదు. దీన్ని చూడకూడదనే కదా తువ్వాలు కప్పింది అనుకుంది. కప్పితే పోయే కష్టమా ఇది?

బనీను కుట్టి తెచ్చాడు. ముందు హుక్కులు, పక్కల రెండు వరసల కుట్టు, చూడముచ్చటగా ఉంది. పెద్దక్క అటూ ఇటూ తిప్పి చూసింది. బాలింతకు పాత చీర మడిచి నడుముకు కట్టాక ఆమె ఎప్పుడూ ఒక పని చేస్తుంది. కట్టులోకి వేలు పెట్టి చూస్తుంది. ఒక వేలు దూరితే సరి. రెండు వేళ్లు దూరితే వదులు, విప్పి మళ్లీ కట్టాలి. వేలే దూరకపోతే పిల్లకు ఊపిరాడదు.

"వదులవుతాదేమోరా. కోసినాక ఒళ్లు తగ్గుతాది గదా."

"అదంతా లెక్క తీసేసే కోసినానమ్మా. నా పని నాకు తెలుసు."

తన పని తనకు తెలుసన్న మాట ఆమె కూడా ఎందరితోనో అన్నదే. బనీను మడిచి పెట్టెలో పెట్టింది.

ఆపరేషను అనుకున్నట్టే అయింది. మర్నాడు సాయంత్రం అద్దె కారులో ఇల్లు చేరారు. వాడి ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది. కానీ దుప్పటి కింద ఎద చదునుగా ఉంది. పెద్దక్క దాన్నే చూస్తూ చాలాసేపు కూర్చుంది.

తర్వాతి రోజులు ఒకదాన్ని ఒకటి ఈడ్చుకుంటూ నడిచాయి. రేకుల ఇల్లు, వేసిన తలుపు, మార్చి నెల ఎండ. ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతుంది. వాడు చెయ్యెత్తలేడు కాబట్టి ఆమే ముఖం తుడవాలి, ఆమే తల దువ్వాలి. రెండో రోజు కోడిగుడ్లు ఉడకబెట్టమన్నాడు.

"పచ్చిపుండుకు గుడ్డా? చీము పడ్తాది. కారంపొడి, వెల్లుల్లి, పాత బియ్యమన్నం, అంతే."

"కాగితంలో గుడ్డు తినమని రాసినారమ్మా. పప్పు, మాంసం కూడా."

"ఆ రాసినోడు ఎంతమంది బాలిం..." అని ఆగిపోయి, పోయి గుడ్లు పొయ్యిమీద పెట్టింది. మూడో రోజు సాంబ్రాణి పొగ వేసింది. వాడు దగ్గాడు, దగ్గితే కుట్లు లాగి కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ బయటికి పారబోసి వచ్చింది. తనకు తెలిసిన వైద్యం ఒక్కటీ ఇక్కడ పనికి రావడం లేదు. పడుకున్నది కొడుకైతే ఇంత చదువూ ఎందుకూ కొరగాకుండా పోయిందే అని ఆమెకు ఏడుపొచ్చింది.

ఆరో రోజుకు ఆసుపత్రి బనీను చెమటకు దురదపెట్టసాగింది. దాన్ని విప్పి, వాడు కుట్టుకున్నది తొడిగింది.

"హబ్బా, ఇదే బాగుండాదమ్మా. ఊపిరాడతాండాది," అన్నాడు. ఆ పూట మొదటిసారి బాగా నిద్రపోయాడు. వాడు నిద్రపోతే ఆమె కూడా గోడకు ఆనుకుని కునుకు తీసింది. ఆసుపత్రిది ఉతికి ఆరేసినా మళ్లీ అడగలేదు వాడు. ఆమె కూడా తొడగలేదు. పడుకోనీలే పాపం అనుకుంది. మూడు రోజులు అట్లాగే గడిచాయి.

తొమ్మిదో రోజు పొద్దున తుడవబోయి ఆగిపోయింది. ఎడమవైపు ఉబ్బి ఉంది. అరచెయ్యి పెట్టింది. లోపల నీళ్లు నింపిన సంచిలాగా కదిలింది.

అప్పుడు, అన్ని రోజులకు, బనీను లోపలికి వేలు పెట్టి చూసింది. ఒకటి దూరింది. రెండోదీ దూరింది. తడుముకోకుండానే దూరింది.

"ఎట్ల కోసినావురా దీన్ని?"

దేవేంద్ర ఆమె వేళ్లవైపు చూశాడు. ముఖం మెల్లగా మారింది. జీన్సు గుడ్డ ఉతికితే ముడుచుకుంటుంది. అందుకని కటింగ్ మాస్టరు కొలతకు పైన రెండు వేళ్లు ఎక్కువ వదిలి కోస్తాడు. పదేళ్లుగా రోజుకు వందల ప్యాంట్లకు అట్లా వదిలిన చెయ్యి, తన బనీనుకూ వదిలింది. ప్యాంట్లు వేడినీళ్ల డ్రమ్ముల్లో తిరిగి ముడుచుకుంటాయి. దీన్ని పెద్దక్క తొడిగే ముందు బకెట్లో చన్నీళ్లలో మెల్లగా జాడించి ఆరేసింది.

"అలవాటుమీద వదిలినానమ్మా," అన్నాడు. "నా ఒంటికని గ్యాపకమే రాలేదు. ఏదో ఆర్డరు కోసినట్ల కోసేసినా."

పెద్దక్క వాణ్ణి తిట్టలేదు. తిట్టాలంటే ముందు తనను తిట్టుకోవాలి. ఊరిలో ముక్కూముఖం తెలియని పిల్లలకు కూడా కట్టు కట్టాక వేలు పెట్టి చూస్తుంది. కన్నకొడుక్కు చూడలేదు. ఎందుకు చూడలేదో కూడా తెలుసు. ఆ ఎదమీద చెయ్యి వేయడానికి ఇంకా మనసు వెనకాడుతోంది. వాడు చూపించడానికి సిగ్గుపడ్డట్టే తనూ చూడటానికి సిగ్గుపడింది.

ఆసుపత్రికి ఫోను చేస్తే, భయపడొద్దు గానీ ఇవాళే తీసుకు రండి, సూదితో నీరు తీస్తాం, అంతవరకు బిగించి కట్టండి అన్నారు. వాళ్లు ఆ మాట అన్నారో లేదో ఆమె పెట్టె తెరిచి పాత నూలు చీర తీసింది. ఇది తెలిసిన పని. జానెడు వెడల్పున మడిచి, వాణ్ణి మంచం అంచున కూర్చోబెట్టి, ఎద చుట్టూ చుట్టడం మొదలుపెట్టింది. ఒక చుట్టు, రెండు చుట్లు. వేలు పెట్టి చూసింది. ఒక్కటే దూరింది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని మార్కండేయ లోపలికొచ్చాడు. నీళ్లు మోసిన తొందరలో గడియ పెట్టడం మరిచిపోయిందామె.

"పెద్దక్కా, మోకాళ్లు ఎట్లుండాయి? మా ఆడది మొన్న కనింది, మగబిడ్డ. వాళ్లమ్మకు చేతకాదని కాన్పుకు పుట్టింటికి పోలేదు, ఈడనే ఉండాది. నువ్వొచ్చి నాలుగు చెంబులు నీళ్లు పోస్తే..."

మాట అక్కడే ఆగింది. పుట్టపర్తిలో ఉండాల్సిన దేవేంద్ర మంచంమీద, ఎదకు చీర కట్టుతో కూర్చుని ఉన్నాడు. తువ్వాలు కోసం వాడి చెయ్యి పక్కన వెతికింది, కానీ పైకి లేవలేదు.

"ఏమైందక్కా వీనికి?"

చెప్పడానికి అబద్ధాలకేం కొదవ లేదు. బండిమీద నుంచి పడ్డాడనొచ్చు, పక్కటెముక విరిగిందనొచ్చు. మార్కండేయ నమ్మేవాడు కూడా. కానీ పెద్దక్క అప్పటికే అలిసిపోయి ఉంది. మోకాళ్ల అబద్ధం, పుట్టపర్తి అబద్ధం, పదిహేనేళ్ల తువ్వాలు అబద్ధం, ఇంకొకటి మోసే ఓపిక ఆమెకు లేదు. చీర కొస లోపలికి దోపి, మార్కండేయవైపు తిరిగింది.

"నువ్వు పెట్టిన పేరు కోయించుకోనొచ్చినాడప్పా నా కొడుకు."

దేవేంద్ర కళ్లు మూసుకున్నాడు. మార్కండేయకు మొదట అర్థం కాలేదు. కట్టువైపు చూశాడు, కట్టు కింద చదునైన ఎదవైపు చూశాడు, గోడకు తగిలించిన తువ్వాలువైపు చూశాడు. చేతిలోని బండి తాళంచెవిని తిప్పుతూ నిలబడ్డాడు.

"బండి ఉండాదా?" అనడిగింది పెద్దక్క.

"ఉండాదక్కా. వాషింగుకు సరుకేసుకోని బళ్ళారికే పోతాండా."

"అయితే వీన్ని కూడా ఏసుకో."

దేవేంద్రను ముందు సీట్లో కూర్చోబెట్టి, తను వెనక ప్యాంట్ల మూటలమీద కూర్చుంది. ఎప్పుడూ గాల్లో తేలిపోయే బండి ఆ రోజు ప్రతి గుంట దగ్గరా నిలబడి దిగింది. సైకిళ్లు కూడా దాటిపోయాయి. ముందు కూర్చున్న ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో ఆమెకు వినపడలేదు. తర్వాత అడగనూ లేదు. నీరు తీశాక నర్సు ఆ చీర కట్టును పట్టి చూసి, దీన్నే ఇంకో నాలుగు రోజులు ఉంచమంది. ఇంకొకప్పుడైతే పెద్దక్క పొంగిపోయేదే. ఆ రోజు ఆసుపత్రి బల్లమీద కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది.

మర్నాడు పొద్దున మార్కండేయ ఇంటికి పోయింది. బాలింత ఏం పాపం చేసింది? మార్కండేయ గుమ్మంలో చేతులు నలుపుకుంటూ, "అక్కా, నిన్న..." అని మొదలుపెట్టాడు.

"ముందు నీళ్లు కాగినాయేమో చూడుపో," అంది.

నీళ్లు పోసి, నడుము కట్టి, వేలు పెట్టి చూసి, బిడ్డను చేతిలోకి తీసుకుంది. బిడ్డకు చుట్టింది అంగట్లో కొన్న కొత్త గుడ్డ. గరగరలాడుతోంది. పసిబిడ్డ ఒంటికి పాత గుడ్డ కావాలి, ఉతికి ఉతికి ఇంట్లో మెత్తబడ్డది. అటువంటిది ఆ ఇంట్లో ఒక్కటీ లేదు.

ఆరు వారాలు గడిచాయి. కుట్లు మానాయి, వాపు పోయింది. మార్కండేయ ఎవరికీ చెప్పలేదో, అందరికీ చెప్పాడో తెలియదు. రెంటిలో ఏది జరిగిందో దేవేంద్ర యూనిట్లోకి అడుగుపెట్టినప్పుడు గానీ తెలియదు.

ఆ పొద్దు వచ్చింది. దేవేంద్ర కొత్త చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. చొక్కా ఎదమీద నేరుగా జారి నిలబడింది. పక్కకు తిరిగి చూసుకున్నాడు, మళ్లీ ఇటు తిరిగి చూసుకున్నాడు. పెద్దక్క వాకిట్లో నుంచి చూసింది. ఎద చదునుగా ఉంది. వీపు మాత్రం అట్లాగే వంగి ఉంది, భుజాలు ముందుకు ముడుచుకుని.

"నిటారుగా నిలబడు నాయనా."

"నిలబడే ఉండాను గదమ్మా," అన్నాడు వాడు.

నిజంగానే అనుకుంటున్నాడు, నిలబడే ఉన్నానని. ఈ సంగతి ఆ కాగితంలో ఎక్కడా రాయలేదు. ఆరు వారాలన్నారు. దీనికి ఎన్ని వారాలో ఏ డాక్టరు చెప్తాడు?

వాడు గడప దగ్గరికి వచ్చి, చూడకుండానే గోడమీది మేకువైపు చెయ్యి చాపాడు. చెయ్యి ఇప్పుడు బాగానే లేస్తోంది. మేకు ఖాళీగా ఉంది.

"తువ్వాలు యాడుండాదమ్మా?"

"చించేసినా. మార్కండేయ బిడ్డకు పొత్తిగుడ్డలు లేకపోతే, నాలుగు ముక్కలు చేసి ఇచ్చినా."

"వాని బిడ్డకా?"

"బిడ్డకు. ఎంత మెత్తగుండాదో తెలుసా? పదిహేనేండ్లు ఉతికిన గుడ్డ."

దేవేంద్ర చెయ్యి మేకు దగ్గర నుంచి భుజంమీదికి వచ్చింది, అక్కడ ఏదైనా ఉందేమోనన్నట్టు. వీధిలో షిఫ్టుకు పోయే ఆడవాళ్లు డబ్బాలు పట్టుకుని నడుస్తున్నారు. వాడు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇంకొకటి ఇయ్యమ్మా. ఈ ఒక్క పొద్దుకు."

దండెంమీద ఇంకో రెండు తువ్వాళ్లున్నాయి. ఇద్దరికీ కనపడుతూనే ఉన్నాయి. పెద్దక్క కదల్లేదు.

"కప్పింది నేనే గదా నాయనా," అంది. "నేనే తీయల్ల."

వాడు దండెంవైపు ఒకసారి చూశాడు. తర్వాత అన్నం డబ్బా ఎడమచేత్తో అందుకుని వీధిలోకి దిగాడు. సందు చివరిదాకా ఆమె వాడి వీపునే చూసింది. వంగే ఉంది. కానీ రెండు చేతులూ పక్కనే ఉన్నాయి. ఒక్కసారి కూడా ఎదమీదికి పోలేదు. వాడు మలుపు తిరిగాక, కొళాయి వచ్చిన రోజు కాబట్టి పెద్దక్క బిందె తీసుకుంది.